పేలికల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో చింకిగుడ్డల ప్రస్తావన ఏల యని కొందరికి తోచవచ్చును. సరస్వతీ మందిరమునకును పాత చీరె పేలికకును సంబంధమేమి యని అడుగవచ్చును. సంబంధము కలదు, అది చిన్నదియును కాదు.

సంస్కృతమున 'కంథ' యనగా అతుకుల వస్త్రము. తెలుగువారు దానినే బొంత యందురు. వంగదేశపు స్త్రీలు కుట్టునది 'కాంథా'. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టునది 'కవంది'. పేర్లు వేరైనను పని యొక్కటియే: చినిగిన దానిని చేర్చి నిలుపుట.

బౌద్ధుల వినయపిటకమున ఒక ముచ్చట కలదు. కౌశాంబి రాజైన ఉదయనుని రాణులు ఆనంద భిక్షువునకు 500 వస్త్రములు దానమిచ్చిరి. ఇన్ని వస్త్రములు ఒక సన్న్యాసికి ఏల యని రాజు శంకించి ప్రశ్నించెను. చినిగిన బట్టలు కలవారికి పంచుదునని ఆనందుడు చెప్పెను. మరి వారి పాత బట్టలేమగునని రాజు అడిగెను. అవి పక్కమీది దుప్పట్లగును. దుప్పట్లు పాతవైన పరుపు గలేబులగును. అవి నేలపై పరుపబడును. పిదప కాళ్లు తుడుచుకొను గుడ్డలగును. ఆపై దుమ్ము దులుపు గుడ్డలగును. తుదకు ముక్కలు చేసి మట్టిలో కలిపి నేలకు మెత్తుదురు. ఈ సమాధానమునకు రాజు సంతసించి మరి 500 వస్త్రములిచ్చెను. లెక్క చెప్పగల వానికే సొమ్ము అప్పగింప దగునని ఆ రాజునకు తెలిసెను.

ఆ గ్రంథమందే మరియొక విశేషము కలదు. మగధదేశపు పంటపొలములు గట్లతో మడులు మడులుగా నుండుట చూపి, ఆ తీరున భిక్షువుల వస్త్రము కుట్టగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెను. ఆనందుడు ముక్కలు చేర్చి అట్లే కుట్టెను. నేటికిని భిక్షువుల కాషాయమున ఆ మడుల తీరు కనుపించును. రైతు గట్టు వేసిన విధమే అతుకులకు ఒరవడి యైనది.

ఇక ఇంటి బొంత సంగతి. పాత నూలు చీరెలను, పంచెలను ఉతికి ఆరవేయుదురు. చదునైన నేలపై ఒక చీరె పరచి, దానిపై పేలికలను ఎగుడుదిగుడు లేకుండ సర్ది, పైన మరియొక చీరె కప్పి, అంచులు లోనికి మడుతురు. మొదట పెద్ద కుట్లు వేసి పొరలు కదలకుండ నిలిపి, పిమ్మట దగ్గర కుట్లు సాగింతురు. దగ్గర కుట్టులోనే బొంత ప్రాణమున్నది. కుట్టు దూరమైన, ఉతికిన రెండవనాడే లోని పేలికలు ఉండకట్టును. పొరల నడుమ నిలిచిన గాలియే చలిని ఆపును.

బొంత కుట్టగా మిగిలిన వానికిని లెక్క కలదు. జానెడు వెడల్పు ముక్క మసిగుడ్డయో, సంచియో యగును. బెత్తెడు పేలికలను చుట్టిన బిందె మోయు తలకు చుట్టకుదురగును. రెండు వ్రేళ్ల పేలికలను మూడేసి జడవలె అల్లిన త్రాడగును. ఆ త్రాటినే గుండ్రముగా చుట్టి కుట్టిన గుమ్మమున పరచు పట్టా యగును. అంతకు చిన్నవి ఆడపిల్లల బొమ్మలకు చీరెలగును, దీపమునకు వత్తులగును. పోగులు తలగడలోనికి పోవును.

పుస్తకమునకును పేలికకును గల చుట్టరికము ఇప్పుడు చెప్పదగియున్నది. పూర్వము గుడ్డకు బొగ్గుపొడియు చింతగింజల అంబలియు పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టి, బలపముతో వ్రాసెడివారు. అదియే కడితము. కరణముల లెక్కలు అట్టి గుడ్డపై నిలిచెను. కర్నల్ మెకంజీ (1754-1821) కావలి సోదరుల తోడ్పాటుతో కైఫీయతులు కూర్పించినపుడు గ్రామముల కవిలెలును కడితములును ఆధారములయ్యెను. ఐరోపాయందును పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వరకు కాగితమునకు ముఖ్యమైన ముడిసరకు నార, నూలు పేలికలే. 1840 దశాబ్దమున కొయ్యను అరగదీసి గుజ్జు చేయు విధానము వచ్చినది. ఆ గుజ్జు కాగితము కొన్ని దశాబ్దములకే పసుపువారి పెళుసగును. పేలికల కాగితము శతాబ్దములు నిలుచును. కట్టి విడిచిన బట్టయే చదువునకు ఆధారమైనదన్నమాట.

ఇట్టి బొంతను చుట్టము వచ్చినప్పుడు మూల దాచి, అంగడి దుప్పటి పరచుట ఆచారమైనది. బొంత పేదరికమునకు గుర్తని సిగ్గు. కాని ఆ బొంతలో అవ్వ పెండ్లిచీరె యంచును, తాత పంచెయు, పసిబిడ్డ పొత్తిగుడ్డయు ఒక్కచోట నుండును. గ్రామలెక్కలలో ఎవని చేను ఎన్ని సెంట్లో కలదు. బొంత కుట్టిన చేతి పేరు ఏ లెక్కలోను లేదు. కుట్టనేర్చిన వృద్ధురాండ్రను నేడు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారితో ఆ లెక్కయు ముగియును.

కావున ఈ సభకు రెండు మనవులు. గ్రంథాలయమున 25 ఏండ్లు చేతులు మారిన పుస్తకములు వీపు విడిపోయి యున్నవి. ప్రతి యింటివారును ఉతికిన నూలు ముక్క నొకదానిని తెచ్చి యిచ్చిన, పుస్తకముల వీపునకు అతికింపవచ్చును. పాలియెస్టరు గుడ్డ జిగురును పీల్చుకొనదు గనుక ఆ పనికి రాదు. దానిని తగులబెట్టక సంచులు కుట్టుకొనుట మేలు. మైదా జిగురులో పురుగు పట్టకుండుటకు కొంచెము మైలుతుత్తము కలుపుదురు. అది విషము, పిల్లలకు అందనీయరాదు.

రెండవది, గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము తెరువవలెను. చదువుకొన్న పిల్లలు అవ్వల ప్రక్కన కూర్చుండి, ఏ బొంత ఎవరు కుట్టిరో, అందు ఎవరి చీరె ఉన్నదో, కుట్టు ఎట్లు సాగినదో వ్రాయవలెను. వ్రాయుచు సూదిని చేతబట్టి నేర్వవలెను. అక్షరము రాని తల్లులు కుట్టిన గ్రంథమును అక్షరము వచ్చిన బిడ్డలు చదువుట కంటె రజతోత్సవమునకు తగిన కానుక వేరుండదు.

స్వస్తి.