స్త్రీల చదరంగము - జగజ్జేతల పోరు



పుస్తకశాల రజతోత్సవమున చదరంగపు ముచ్చట యేల యని కొందరు తలపవచ్చును. ఆడిన ప్రతి ఎత్తును వ్రాసియుంచి, నూరేండ్లకైనను మరల ఆడి చూచుకొనదగిన ఆట యిది. ముగిసిన ఆట గ్రంథమగును. కనుక దీనికి గ్రంథాలయమే తగిన తావు.

స్త్రీల ప్రపంచ పోటీ మొదట 1927లో లండనులో జరిగెను. పండ్రెండుగురు ఆడిన ఆ పోటీలో వేరా మెన్‌చిక్ పదకొండు ఆటలకు పదిన్నర పాయింట్లు గడించి జగజ్జేత్రి యయ్యెను. 1929లో కార్ల్స్‌బాదున పురుషుల నడుమ ఆమె ఆడబోగా, ఆమె చేతిలో ఓడినవారికొక సంఘము పెట్టుదమని బెకర్ అను ఆటగాడు పరిహసించెను. ఆ సంఘమున మొదటి సభ్యుడు తానే యయ్యెను! 1944లో లండనుపై పడిన బాంబునకు బలియగువరకును బిరుదము ఆమెదే.

యుద్ధానంతరము ఆ బిరుదము సోవియట్ స్త్రీలది. 1962లో జార్జియాకు చెందిన నోనా గాప్రిందాష్విలి దానిని గెలిచి పదునారేండ్లు నిలుపుకొనెను. 1978లో ఆమెను గెలిచిన మైయా చిబుర్దానిద్జె కూడ ఆ దేశపు పిల్లయే, వయస్సు పదునేడేండ్లు. 1991లో చైనా యువతి షే జున్ ఆమెను జయించెను. చిన్న దేశమైన జార్జియాకు ఇంతటి ప్రతిభ యెట్లు కలిగెను? అచ్చట పెండ్లికూతురి సారెలో చదరంగపు బల్లను చేర్చు వాడుక కలదని చెప్పుదురు.

ఇక మన సంగతి. మన పామర్రుకు పొరుగున నున్న గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి, 2002లో పదునైదేండ్లకే పురుషుల కిచ్చు గ్రాండ్‌మాస్టరు బిరుదమునే పొంది, అంత చిన్న వయస్సున దానిని పొందిన స్త్రీ లేదనిపించుకొనెను. 2011లో అల్బేనియా రాజధాని టిరానాలో జగజ్జేత్రి హౌ యిఫాన్‌తో తలపడెను. పది ఆటల పోరు ఎనిమిదింటనే ముగిసెను. హంపి మూడింట నోడెను, ఐదు సమముగా ముగిసెను, ఒక్కటియు గెలువలేదు. అయినను బల్లను విడువలేదు. తల్లియైన పిమ్మట 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను శీఘ్ర చదరంగమున జగజ్జేత్రి యయ్యెను. 2025లో జార్జియాలోని బటూమి నగరమున ప్రపంచ కప్పు తుది పోరున పందొమ్మిదేండ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడెను. ఆ తుది పోరున ఇరువురును భారతీయులే. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక సైతము 2012, 2015, 2017 ప్రపంచ పోటీలలో కాంస్య పతకములు గడించెను.

సోదరులారా! హంపికి తండ్రి అశోక్ గారు ఇంటనే గురువైరి. అట్టి తండ్రి లేని బాలికకు గురువెవరు? గ్రంథాలయము కావలెను. మన చదువుగదులలో సాయంకాలపు బల్లలు మగపిల్లలవియే యగుట చాలదు. వారమునకు రెండు సాయంకాలములు బాలికలకై కేటాయింపుడు. రెండు బల్లలు, ఒక గడియారము, ఆటలు అచ్చొత్తిన నాలుగు పుస్తకములు చాలును. ఆడపిల్లను ఆ బల్ల కడకు పంపుట తల్లిదండ్రుల వంతు. రాబోవు స్వర్ణోత్సవ సంచికలో ఆ బాలికల ఆటలను అచ్చొత్తు భాగ్యము మనకు కలుగుగాక.