బోదకాలు: గుమ్మం దాకా వచ్చిన మాత్ర
(మొహల్లా ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మధుమేహం, రక్తపోటు, జ్వరాలు అన్నిటి గురించీ మాట్లాడమని నిర్వాహకులు కోరారు. మేము ఒక్క బోదకాలుకే పరిమితమవుతాము. ఉభయ గోదావరి జిల్లాలలో ఈ మాట తెలియని గడప లేదు. అయినా అది ఎందుకు వస్తుందని అడిగితే నీరు పడలేదనీ, వంశంలో ఉందనీ, తఖ్దీర్ అనీ చెప్పేవారే ఎక్కువ.

ఇది దోమ వలన వచ్చే వ్యాధి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఒకరి రక్తంలోని సూక్ష్మమైన పురుగు పిల్లలను పీల్చి, కొన్నాళ్ళకు మరొకరి చర్మంపై విడుస్తుంది. ఒకటి రెండు కాట్లతో జబ్బు రాదు. నెలల తరబడి ఎన్నో కాట్లు పడాలి. అందుకే మురుగు కదలని వీధులలోని పేదలే దీనికి ఎక్కువగా గురవుతారు.

శరీరంలో జరిగేది డెల్టా రైతుకు సులభంగా అర్థమవుతుంది. పంటకాలువ చేనుకు నీరు తెస్తుంది, మిగులు నీటిని మురుగుకాలువ తీసుకుపోతుంది. రక్తనాళాలు పంటకాలువల వంటివి, శోషరస నాళాలు మురుగుకాలువల వంటివి. పెద్ద పురుగులు ఆరు నుంచి ఎనిమిదేళ్ళు ఆ శోషరస నాళాలలోనే కాపురముండి వాటిని పాడుచేస్తాయి. రసం కాలిలో నిలిచిపోతుంది. పురుషులలో వరిబీజం రావచ్చు. దానికి శస్త్రచికిత్స ఉంది. ముదిరిన కాలివాపు మాత్రం పూర్తిగా పోదు.

దీనికి మందు కనుగొన్న పరిశోధక బృందానికి నాయకుడు మన ప్రాంతం వాడే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు. 1947లో వెలుగులోకి వచ్చిన ఆ డైఇథైల్‌కార్బమజైన్‌నే నేడు ఆల్బెండజోల్‌తో కలిపి ఇంటింటికీ ఇస్తున్నారు. 1948లో మరణించే నాటికి ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు.

మా మొహల్లాలోని కొందరు విశ్రాంత ఉద్యోగులము ఆ మాత్రలు పంచే కార్యకర్తల వెంట తిరుగుతుంటాము. “నాకే జబ్బూ లేదు కదా బేటా, నాకెందుకు?” అని ఒక నానీ అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. పురుగు పిల్లలు రక్తంలో ఉన్నా ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. అవి రాత్రివేళ రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కనుక రక్తపరీక్ష కూడా రాత్రే చేస్తారు. పరదా పాటించే ఇళ్ళలో ఆ వేళ తలుపు తడితే అనుమానం సహజం. మహిళా కార్యకర్తను వెంట పంపమని కోరాము. పంపారు, తలుపులు తెరుచుకున్నాయి.

ఇక వదంతి సంగతి. ఈ మాత్ర మింగితే సంతానం కలగదని కొన్ని ఇళ్ళలో తిప్పి పంపారు. అది అబద్ధం. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్ర వ్యాధిగ్రస్తులకు ఇవ్వకపోవడం ముందుజాగ్రత్త మాత్రమే. ఆ జాగ్రత్తే వదంతికి మూలమై ఉంటుందని మా అనుమానం. కొందరికి మింగాక జ్వరం, తలనొప్పి, వాంతి వస్తాయి. రక్తంలోని పురుగు పిల్లలు చనిపోవడం వలన తరచు అలా జరుగుతుంది. ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది, తగ్గకపోతే వైద్యునికి చూపాలి. భోజనం చేశాక కార్యకర్త ఎదుటే మింగండి. అలమరలో దాచిన మాత్రలు మేము చాలా చూశాము.

కాలు వాచినవారికి ఒక మాట. చర్మపు చీలికలలో క్రిములు చేరినప్పుడే చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, వాపు పెరుగుతుంది. రోజూ సబ్బుతో కాలు కడగాలి. వుజూలో వేళ్ళ సందులు ఎలాగూ కడుగుతాము. తరువాత మెత్తని గుడ్డతో వాటిని పొడిగా తుడవాలి. పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా ఉంచాలి. జ్వరం వచ్చిన రోజున కాలు మర్దన చేయించకూడదు. బుర్ఖా చాటున వాపును ఏళ్ళకేళ్ళు దాచుకుంటున్న అక్కచెల్లెళ్ళను ఇంటివారే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

రెండు కాళ్ళకూ నాలుగో దశ బోదకాలు ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ పింఛను ఉంది. ఒక కాలే వాచినవారు ఈ కోవలోకి రారు. ఒంటికాలితో రిక్షా తొక్కగలరని ఎవరనుకున్నారో గాని, అది సరికాదని మా అభిప్రాయం. అర్హులైనవారు వైద్య ధ్రువపత్రంతో రండి, దరఖాస్తు మేము రాసిపెడతాము. మన వీధి మురుగుకాలువపై అర్జీ కూడా సిద్ధంగా ఉంది. జుమా నమాజు తరువాత సంతకాలు తీసుకుంటాము. స్త్రీల సంతకాలకు ఇళ్ళకే వస్తాము.