మరమ్మతు బండిలో ఖాళీ డబ్బా
(గృహోపకరణాల మరమ్మతు పనివారి శిక్షణ తరగతిలో పురపాలక అనువాదకుని ప్రసంగ పాఠం)



స్క్రూడ్రైవరు సరిగా పట్టడం చేతకాని నేను మీ ముందు నిలబడటానికి ఒక కారణం ఉంది. మీ బండ్లలోని డబ్బాలపై అంటించే చీటీలను మరాఠీ, తెలుగు, కన్నడ, ఉర్దూ భాషల్లో సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. జాబితాలో డెబ్బైకి పైగా పేర్లున్నాయి. రెండు రోజుల పని అనుకున్నాను. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మీలో కొందరి వెంట బండిలో తిరిగి చూసినదే ఈనాడు చెప్పబోతున్నాను.

మొదట పేర్ల సంగతి. తెలుగులో విడిభాగం అంటాము. కన్నడిగులు బిడిభాగ అంటారు. విడి, బిడి ఒక్క తల్లి పిల్లలు. మరాఠీలో సుటే భాగ్. సుటే అన్నా విడివడినదనే అర్థం. ఉర్దూలో పుర్జా. మన సోలాపూర్ పూర్వభాగంలోని తెలుగు ఇళ్ళలో కూడా పుర్జా అన్నదే వాడుక. నా నోట విడిభాగం అన్న మాట వింటే మా అమ్మమ్మ నవ్వుతుంది. కనుక చీటీపై పుర్జా అనే రాశాను.

కెపాసిటరు దగ్గర మాత్రం నా చదువు అడ్డుపడింది. మొదటి ప్రతిలో ‘విద్యుత్సంచాయకం’ అని ఒక సమాసం కూర్చాను. మీలో అనుభవజ్ఞుడైన ఒక అన్న దానిని రెండుసార్లు చదివి, ‘సార్, ఇది ఏ మిషనుకు?’ అని అడిగారు. మీరందరూ దానిని కండెన్సర్ అంటారు. సరే, అలాగే దిద్దాను. అప్పుడు వేరొక చిక్కు వచ్చింది. ఫ్రిజ్ వెనుక వేడిని బయటికి వదిలే నల్లని గొట్టాల అల్లిక పేరూ కండెన్సరే. ‘కండెన్సర్ పోయింది, పట్టుకురా’ అని ఫోనులో వింటే కొత్తగా చేరిన కుర్రవాడు ఏది తేవాలి? గ్యాస్ అన్నా అంతే. పొయ్యి గ్యాసా, ఫ్రిజ్ గ్యాసా? అందుచేత ఇప్పుడు మీ చేతికి వచ్చే చీటీలో ప్రతి పేరుకూ ముందు యంత్రం పేరు, వెనుక కొలత ఉంటాయి: ‘ఫ్యాన్ కండెన్సర్, 2.5 మైక్రోఫారడ్’. సాహిత్యం కాదు గాని పొరపాటు జరగదు.

ఇక డబ్బాలో ఏముండాలన్న ప్రశ్న. దీనికి మా వీధిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మా పక్కింటి పెద్దమ్మకు మధుమేహం. చాలా ఏళ్ళుగా ఇన్సులిన్ తీసుకుంటుంది. గత ఎండాకాలంలో వారి ఒక తలుపు ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. వచ్చిన మెకానిక్ మంచి పనివాడు. పావుగంటలో థర్మోస్టాట్ పోయిందని సరిగానే కనిపెట్టాడు. బండిలో ఆ డబ్బా ఖాళీ. బయట ఎండ మండిపోతున్నది, ఇంట్లో మందు ఉన్నది. పెద్దమ్మ ‘నాయనా, ఏదో ఒకటి చెయ్యి’ అని బ్రతిమాలింది. అతడు రెండు తీగలను కలిపి ‘డైరెక్టు’ చేసి, ఎల్లుండి కొత్తది తెస్తానని వెళ్ళాడు. అతని మనసులో ఏ దోషమూ లేదు. కాని ఆపవలసిన థర్మోస్టాట్ లేనప్పుడు కంప్రెసర్ ఆగదు. తెల్లవారేసరికి సీసాలోని ఇన్సులిన్ గడ్డకట్టింది. ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య దాచాలి. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు, పారవేయవలసిందే. ఆ సంగతి పెద్దమ్మకు తెలియదు. కరిగిన తరువాత చూడటానికి మామూలుగానే ఉంది, వాడింది. చక్కెర ఎందుకు పెరిగిపోతున్నదో తెలియడానికి వారం పట్టింది. సీసా గడ్డకట్టిన మాట మాటల మధ్య ఆమె చెప్పబట్టి డాక్టరుకు అర్థమయింది.

ఎల్లుండి వస్తానన్న మెకానిక్ నాలుగో రోజున వచ్చాడు. థర్మోస్టాట్ వెల కొద్ది వందల రూపాయలు. అరచేతిలో పట్టే వస్తువు.

డబ్బా ఖాళీగా ఉంటే రెండోసారి తిరగడం, పెట్రోలు ఖర్చు, ఇంటివారి చేత మాటలు పడటం మీకు తెలిసినవే. నేను చెప్పేది అంతకంటె పెద్ద నష్టం. ఖాళీ డబ్బా డైరెక్టు చేయమని చేతిని ప్రేరేపిస్తుంది. గీజరులో థర్మల్ కటౌట్ పోతే తీగ కలిపినా నీళ్ళు కాగుతాయి, ఇంటివారు సంతోషిస్తారు. తరువాత ఒకనాడు థర్మోస్టాట్ అతుక్కుపోయి, సేఫ్టీ వాల్వు సున్నం పట్టి బిగుసుకుని ఉంటే, ట్యాంకు పగిలే దాకా వేడెక్కుతుంది. మన ఊరిలో ఇది దూరపు మాట కాదు. ఉజని నీరు రోజూ రాదు. మధ్య రోజుల్లో చాలా ఇళ్ళవారు బోరునీటినే ట్యాంకులోకి ఎక్కిస్తారు. ఆ నీటి తెల్లని పొర ఎలిమెంటుపై ఎంత మందాన పేరుకుంటుందో మీరే నాకు చూపించారు.

టోకు దుకాణదారు నెలకు ఎన్ని అమ్ముడుపోయాయని చూసి సరుకు తెస్తాడు. అతనికి అది న్యాయమే. బండికి మాత్రం ఆ లెక్క ఒక్కటే చాలదు. తరచుగా పోయే చిన్న, చవక వస్తువులు ఎలాగూ ఉండాలి: ఫ్యాన్ కండెన్సర్లు, మిక్సీ కప్లర్లు, కార్బన్ బ్రష్షులు, జారు రబ్బర్లు, సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీను టైమర్లు, డ్రెయిన్ గొట్టాలు. వాటితో పాటు మూడు నెలలకు ఒకటి అమ్ముడుపోయినా సరే, భద్రతకు సంబంధించిన ప్రతి పుర్జా జతగా ఉండాలన్నది నా అభిప్రాయం. థర్మల్ ఫ్యూజులు, గీజరు కటౌట్, సేఫ్టీ వాల్వు, ఫ్రిజ్ ఓవర్‌లోడ్, రిలే, థర్మోస్టాట్. వీటన్నింటికీ కలిపి ఒక బూట్ల పెట్టెంత చోటు చాలు. కంట్రోల్ బోర్డులకు పెట్టుబడి పెట్టకండి. అవి మోడలుకు ఒక తీరు. ఫోటో తీసి తెప్పించుకోవడమే మేలు.

సరిపోని పుర్జా కూడా ఖాళీ డబ్బా లాంటిదే. 2.5 లేదని అంతకంటె పెద్ద కండెన్సర్ వేస్తే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుందని కొందరు నమ్ముతారు. వైండింగు వేడెక్కి మోటారు కాలిపోతుంది. మైక్రోఫారడ్ అదే ఉండాలి. వోల్టేజి అంకె పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు గాని తక్కువ కారాదు.

ఏది ఎన్ని ఉంచాలో నేను చెప్పలేను, మీ నోటుపుస్తకం చెబుతుంది. అమ్మినవి అందరూ రాస్తారు. బండిలో లేక వెనుదిరిగినవి రాసేవారిని నేను ఒక్కరినే చూశాను. తేదీ, వీధి, యంత్రం, లేని పుర్జా, అంతే. రెండు నెలలు రాశాక ఆయన బండిలో సగం సరుకు మారిపోయింది. ఫిబ్రవరిలోనే కూలర్ పంపులు నింపుకున్నారు, దీపావళికి ముందు గీజరు ఎలిమెంట్లు.

మన తాతలకు ఇది కొత్త విద్య కాదు. మగ్గం పక్కన గూటిలో ఇంకొక నాడె సిద్ధంగా లేకుండా ఏ నేతగాడూ పనికి కూర్చోలేదు. పవర్‌లూమ్ నడిపేవారి దగ్గర నేటికీ పికర్లు నిలువ ఉంటాయి. మగ్గం ఆగితే కూలి ఆగుతుందని వారికి ఎవరూ బోధించలేదు.

అమరికను గురించి రెండు మాటలు. బరువైనవి కింద, గాజు, బోర్డులు మెత్తని గుడ్డలో. ఎండలో నిలిపిన బండి లోపల బయటికంటె ఎంతో వేడి. రబ్బరు గ్యాస్కెట్లు, కండెన్సర్లు పైకప్పు దగ్గరి అరలో పెడితే వాడకముందే ముసలివైపోతాయి. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఎ మండే వాయువు. దాని డబ్బాను నిలువుగా కట్టి, గాలి ఆడే చోట ఉంచండి; రాత్రి మూసిన బండిలో వదలకండి. ఊడదీసిన పాత పుర్జాలకు మూతగల ఎర్ర డబ్బా ఒకటి వేరుగా పెట్టండి, అవి కొత్తవాటిలో కలిసిపోకూడదు. పాతదానిని ఇంటివారికి చూపించిన తరువాతే అందులో వేయండి.

తప్పనిసరై ఎప్పుడైనా డైరెక్టు చేయవలసి వస్తే ఏమిటని విరామంలో ఒక తమ్ముడు అడిగాడు. గీజరుకు, ఇస్త్రీపెట్టెకు వద్దు, ఎన్నడూ వద్దు. ప్లగ్గు తీసి, వాడవద్దని చీటీ అంటించి రండి. ఫ్రిజ్ అయితే డైరెక్టు చేసే ముందు లోపల మందు ఉందా అని అడగండి. ఉంటే ఆ పని చేయకుండా, పుర్జా తెచ్చేదాకా దానిని పొరుగువారి ఫ్రిజ్‌లో పెట్టించండి. ఆ ప్రశ్నను కూడా నాలుగు భాషల్లో రాసి, థర్మోస్టాట్ డబ్బా చీటీకి కింద చేర్చాను.

చీటీల కట్టలు తలుపు దగ్గరి బల్లపై ఉన్నాయి. తలా ఒకటి తీసుకోండి. ప్రతి చీటీలో అడుగున ఒక గీత ఖాళీగా వదిలాను. మీ పేటలో ఆ పుర్జాకు ఇంకొక పేరుంటే అక్కడ రాసి, వచ్చే నెల తరగతికి వచ్చినప్పుడు నాకు ఇవ్వండి. రెండవ ముద్రణలో దిద్దుతాను.