పేదయింటి బిడ్డయు బడి హక్కును
(సంఘ వార్షికోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



బిడ్డకు చదువుకొను హక్కు కలదా యను ప్రశ్న నేడు చర్చకు మిగిలినది కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యను గూర్చిన బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టగా, మరుసటి సంవత్సరమే అది 13కు 38 వోట్లతో వీగిపోయెను. పదునాలుగేండ్ల లోపు పిల్లలందరకును పది సంవత్సరములలో ఉచిత విద్య సమకూర్ప యత్నింపవలెనని 1950లో రాజ్యాంగపు 45వ అధికరణము నిర్దేశించెను. 1960తో ఆ గడువు తీరెను గాని పని తీరలేదు. 2002 నాటి 86వ సవరణవలన అది ప్రాథమిక హక్కయ్యెను. 2009 నాటి చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దీనికి త్రోవ తీసిన 1993 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడిచిన వ్యాజ్యములోనిది. వృత్తి కళాశాలల రుసుములపై పుట్టిన తగవునుండి పలకాబలపముల హక్కు వెలువడుట ఒక వింత.

చట్టమట్లుండగా బిడ్డ చేనిలో నేల యున్నది? కర్నూలు, మహబూబ్‌నగరు ప్రాంతములలోని సంకరజాతి ప్రత్తివిత్తనపు సేద్యమును పరిశీలించినచో కొంత బోధపడును. సాయంకాలము మొగ్గను విప్పి కేసరములను గిల్లివేయవలెను. మరునాటి ఉదయము వేరొక మొక్కనుండి తెచ్చిన పుప్పొడిని దానికి అద్దవలెను. పూవు పూవునకును ఇది చేతితో జరుగవలసిన పని. నెలల తరబడి సాగు పని. అదియు బడులు నడచు కాలముననే. 1990 తరువాతి సంవత్సరములలో ఈ పనికి వేలకొలది పిల్లలను, విశేషించి ఆడపిల్లలను, వినియోగించిరి. లేతవ్రేళ్లకు నేర్పు హెచ్చని చెప్పుట కలదు. నేర్పు మాట యెట్లున్నను, వారి కూలి తక్కువ. తండ్రికి ముందుగా అడ్వాన్సు ముట్టియుండును. ఆ అప్పు తీరువరకు బిడ్డ ప్రొద్దు ఆ యింటిది కాదు.

పేద తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనుట తేలిక మాట. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను చేసిన కృషి యీ మాటను నిలువనీయలేదు. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వమున కార్యకర్తలు పనిలోనున్న పిల్లలను శిబిరములలో నుంచి, కొన్ని నెలలు చదువు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్పించిరి. కూలి డబ్బు పోయినను పిల్లలను పంపుటకు అనేకులు సిద్ధపడిరి. ఈ సేవకు ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము లభించినది. చిక్కు తల్లిదండ్రుల మనస్సులో కంటె గడపకును బడికిని నడుమ నున్న దారిలో నధికముగా నున్నదని దీనివలన తేలినది.

ఆ దారిలోని ముండ్లు చిన్నవి. ప్రాథమిక విద్య పూర్తి కాకుండ అడ్డగించు ఎట్టి రుసుమునుగాని ఖర్చునుగాని బిడ్డ భరింపనక్కరలేదని 2009 చట్టము చెప్పుచున్నది. అయినను చంటిబిడ్డను ఎత్తుకొనవలసిన అక్కకు బడిదారి సులభము కాలేదు. ఆకలి విషయమున మాత్రము కొంత మేలు జరిగినది: బడిలో వండిన అన్నము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించెను.

ఈ సభలోని వారికి బదిలీలు క్రొత్తవి కావు. ఉద్యోగి బదిలీయైనచో ఉత్తరువుతోబాటు బిడ్డకు సర్టిఫికెట్టు చేతికి వచ్చును. చదువు ఖర్చునకు ప్రభుత్వపు భత్యమును కలదు. పాలమూరు కూలీలకును బదిలీలు కలవు. పంట పనులు ముగియగానే గుంపుమేస్త్రీ వెంట దూరదేశములకు, ఆనకట్టలకు, భవన నిర్మాణములకు తరలిపోవుదురు. వెంట బిడ్డలుందురు, కాగితము లుండవు. బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైనదని గాని, వయస్సునకు రుజువు లేదని గాని బిడ్డకు ప్రవేశము నిరాకరింపరాదని అదే చట్టములోని 5, 14 విభాగములు స్పష్టపరచుచున్నవి. సంవత్సరము నడుమ వచ్చినను చేర్చుకొనవలసినదే. ఈ సంగతి మేస్త్రీకి తెలియదు, కూలికి తెలియదు. పెక్కుచోట్ల బడి గుమాస్తాయు ఎరుగడు. ఉద్యోగుల కాలనీల ప్రక్కన ఇండ్లు కట్టుచున్న తెలుగు కుటుంబముల బిడ్డలను చేయిపట్టి బడికి తీసికొనిపోయి, ఆ విభాగములను చదివి వినిపింపగలవారు ఈ సంఘ సభ్యులలో కొదువ లేరు. అందుకు కావలసినది ఒక సెలవుపూట.