పదునైదవ యేటి సంతకము

(పదవతరగతి విద్యార్థుల తలిదండ్రుల సభలో, ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



మేము వృత్తిచే న్యాయవాదులము. కావున మాకు దెలిసిన చట్టముతోనే ఆరంభింతుము. మన దేశమున పదునెనిమిదేండ్లు నిండనివాడు మైనరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి మైనరు చేసికొన్న ఒడంబడిక మొదటినుండియు చెల్లదని 1903లో ప్రీవీకౌన్సిలు మోహరీబీబీ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అట్టివాడు పది సెంట్ల మెట్ట నమ్మజూచినను రిజిస్ట్రారు దస్తావేజును ముట్టడు. తన మేలుకీడులు తాను పూర్తిగా నెరుగని ప్రాయమని చట్టము వానియెడ దయ దలచినది.

మరి మనమేమి చేయుచున్నాము? పదునైదేండ్ల పిల్లవానిచేత ఇంటర్మీడియేటు దరఖాస్తుపై సంతకము చేయించుచున్నాము. ఎం.పి.సి.యా, బై.పి.సి.యా, సి.ఇ.సి.యా, హెచ్.ఇ.సి.యా యని అందొక గడి యుండును. ఆ గడిలో పడిన మూడక్షరములు వాడు యంత్రముల కడకు పోవునో, రోగుల కడకు పోవునో, పద్దుల కడకు పోవునో నిర్ణయించును. పెక్కుచోట్ల పరీక్షాఫలితములు వెలువడక మున్నే సీటునకు బయానా చెల్లిపోవుచున్నది. పది సెంట్ల భూమికి పనికిరాని సంతకము బ్రతుకంతటికిని పనికివచ్చుచున్నది!

ఈ యెన్నిక ఎవరిది? పిల్లవానిది కాదు. ఎదురింటివారి కుమారుడు ఇంజనీరై హైదరాబాదునకో, అమెరికాకో పోయెను గనుక మనవానికి ఎం.పి.సి. ఆడపిల్లకు మార్కులు బాగుగా వచ్చెను గనుక బై.పి.సి. లెక్కలు రానివానికి సి.ఇ.సి. ఇక హెచ్.ఇ.సి. యన్నచో అది యొక విద్య గాక ఒక శిక్ష యైనట్లు మాటలాడుదుము. శ్రీకాకుళము, విజయనగరముల పల్లెలలో తండ్రి పొలము తాకట్టుపెట్టి బిడ్డను విశాఖపట్టణపు హాస్టలులోనో, విజయవాడ హాస్టలులోనో చేర్చుచున్నాడు. ఆ తండ్రిని మేము నిందింపము. వలసపోవు జిల్లాలివి, బిడ్డ యైనను కూలికి వలసపోరాదని ఆతని ఆరాటము. కాని ఆ ఆరాటము ఎంత గొప్పదో, ఆ బిడ్డకు రేపటి వృత్తిని గూర్చిన ఎరుక అంత స్వల్పము. ఆసుపత్రిలో ఒక్క దినమైనను గడపని బాలిక వైద్యవిద్యకును, వర్కుషాపు గడప త్రొక్కని బాలుడు యంత్రవిద్యకును నిర్ణయింపబడుచున్నారు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేము చెప్పము. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ, పుస్తకవిద్యకును చేతిపనికిని నడుమ కఠినమైన గోడలుండరాదని ప్రకటించినది. 2025-26 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్రపు ఇంటర్మీడియేటు బోర్డు గణితమును, జీవశాస్త్రమును కలిపి చదువుకొనుటకు త్రోవ చేసినది. ఇవి మంచి మాటలు, మంచి పనులు. కాని తలుపు తెరచుట వేరు, లోపల నేమున్నదో దీపము పట్టి చూపుట వేరు. ఎన్ని విషయములనుండి ఎన్నుకొనవచ్చునన్నది మొదటి ప్రశ్న గాదు; ఎన్నుకొనువాడు వానిని ఎరుగునా యన్నది మొదటి ప్రశ్న.

ఈ గడ్డపై పుట్టిన గిడుగు వేంకట రామమూర్తిగారిని స్మరింపుడు. 1863లో శ్రీకాకుళ ప్రాంతపు పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. కొండలపై నివసించు సవరలను చూచిరి. వారి భాష ఏ పాఠ్యప్రణాళికయందును లేదు; ఏ విశ్వవిద్యాలయమును దానికి మార్కు లిచ్చుట లేదు. అయినను పంతులుగారు దానిని నేర్చి, సవర పిల్లలకై బడులు పెట్టించి, ఆ భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. ఆ విషయము ఆయనకు ఏ దరఖాస్తు గడిలోనుండి దొరికినది? కన్నులు తెరచి తన చుట్టును చూచుటవలన దొరికినది. చూచుటకు కొంత తీరిక కావలెను. మన పిల్లలకు మనము ఈయనిది ఆ తీరికయే.

ఆ తీరికను ఒక దేశము చట్టబద్ధముగా నిచ్చినది. మన పెద్దలు స్వాతంత్ర్యసమరమున నిత్యము తలచుకొనుచుండిన ఐర్లండు దేశమది. 1974లో ఆ దేశపు విద్యామంత్రి రిచర్డ్ బర్క్ ఒక క్రొత్త సంవత్సరమును ప్రవేశపెట్టెను. మాధ్యమికవిద్యలో తొలి మూడేండ్లు ముగిసిన పిదప, తుది రెండేండ్లు మొదలుకాక మునుపు, పదునైదు పదునారేండ్ల వయసున నుండు సంవత్సరమిది. పెక్కు బడులలో ఇది ఇష్టమున్నవారికే. ఆ యేడు ప్రభుత్వపరీక్ష లేదు. విద్యార్థి పెక్కు విషయములను కొంచెము కొంచెముగా రుచి చూచును. కొన్ని వారములు దుకాణమునందో, కార్యాలయమునందో, ఆసుపత్రియందో పని చూచును. పిమ్మట తన విషయముల నెన్నుకొనును. మూడు బడులతో మొదలైన ఈ యేర్పాటు 1994నుండి దేశమంతట విస్తరించినది. అచ్చటను లోపములు లేకపోలేదు. బీదపిల్లలు చదువు బడులలో ఇది తక్కువగా నున్నదనియు, ఖర్చు తలిదండ్రులపై బడుచున్నదనియు విమర్శ కలదు. ఆ విమర్శనుకూడ మనము నేర్చుకొనవలసినదే.

“మాకు వృథా చేయుటకు ఏడాది ఎక్కడిది?” యని మీలో కొందరనుకొనుచుందురు. సోదరులారా! ఆ యేడాదిని మనము ఇదివరకే వెచ్చించుచున్నాము. దానికి లాంగ్‌టర్మ్ అని పేరు పెట్టితిమి. ఇంటర్మీడియేటు ముగిసినను నీట్ పరీక్షలో ర్యాంకు రానివారు మరల ఒక యేడు, కొందరు రెండేండ్లు, అవే పుస్తకములను అవే గదులలో వల్లించుచున్నారు. నీట్ ఎన్ని మారులైనను వ్రాయవచ్చును. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డు వరుసగా రెండేండ్లలో రెండుమారులే. ఈ లెక్కలు ప్రతి తండ్రికిని కంఠస్థము. ఎన్నికకు ముందు ఒక్క యేడాది ఇచ్చుటకు మనసొప్పనివారమే, ఎన్నిక పిదప దానిని వడ్డీతో సహా చెల్లించుచున్నాము. అంతకన్న విచారకర మేమనగా, ఆ రెండవ యేడాదియందు పిల్లవాడు క్రొత్తదానిని చూడడు. చూచినదానినే చూచి తన్ను తాను అసమర్థునిగా నెంచుకొనును.

ఇక కాగితముల సంగతి. చదువులో ఏడాది ఎడమైనచో, ఆ కాలమున తా నెచ్చటను చదువలేదనియు, తప్పుడు పనులలో పాల్గొనలేదనియు స్టాంపుకాగితముపై ప్రమాణపత్రము తెమ్మని కళాశాలలు అడుగుట కలదు. ఇట్టి పత్రములకై వచ్చు పిల్లల ముఖములను మేము చూచియున్నాము. ఒక యేడాది ఆగుట నేరమైనట్లు వారు తలవంచుకొని నిలువబడుదురు. ఆగినవాడు నేరస్థుడు కాడు. స్థానికహక్కు పోవునేమో యని మరికొందరు భయపడుదురు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వునే తీసికొనుడు. అర్హతపరీక్షతో ముగియు నాలుగు వరుస విద్యాసంవత్సరములు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడు. ఆ నాలుగేండ్లలో కొంతకాలము ఏ బడిలోను చదువనివానికి, పరీక్షకు ముందు నాలుగేండ్లు ఆ ప్రాంతమున నివసించుటయే చాలునని ఆ యుత్తర్వే చెప్పుచున్నది. అనగా బడి మానినవానిని చట్టము మరచిపోలేదు, మనమే మరచితిమి.

కాని ఒక యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయజాలము. అది తల్లుల నోట వినవలసినది. “ఒక యేడాది ఇంట నుండిన నా కూతురు మరల బడికి పోవునా?” పదునారేండ్ల బాలిక ఇంటిపట్టున నున్నచో సంబంధములు గడప ఎక్కును. 2006 నాటి చట్టము పదునెనిమిదేండ్లకు ముందు పెండ్లి కూడదనుచున్నది గాని, చట్టపుస్తకము వీధిలో కాపలా కాయదు. బాలుడైనచో ఇటుకబట్టీయో, చేపలపడవయో పిలుచును. ఉచిత నిర్బంధవిద్యాహక్కు పదునాలుగవ యేటితోనే ముగియుచున్నది. తల్లికి వచ్చు సహాయధనమైనను బడిపట్టికలో పేరున్నంత వరకే. కలిగినవాని కొడుకునకు విహారమైన సంవత్సరము లేనివాని కూతురునకు చదువు చివర కారాదు.

కావున మేము కోరునది బడి వెలుపలి సంవత్సరము గాదు. బడి గడప లోపలి సంవత్సరము. దానికి మూడు కట్టుబాట్లు. ఒకటి: పేరు పట్టికయందే యుండవలెను, హాజరు, సహాయధనము, హాస్టలు, బస్సుపాసు నిలువవలెను. రెండు: పని చూపుటయే గాని పని చేయించుకొనుట కూడదు, ప్రమాదకరమైన పనులలో పదునెనిమిదేండ్లలోపువారిని పెట్టరాదన్న 2016 నాటి చట్టసవరణ ఇచ్చట అక్షరాల అమలు కావలెను. మూడు: ఇది ఇష్టమున్నవారికే, త్రోవ ముందే తెలిసిన బిడ్డ నేరుగా ముందునకు పోవచ్చును.

ఆ యేడాదిలో చూపుట కేమున్నదందురా? పొందూరునకు పోవుడు. కొండపత్తిని వాలుగచేప దవడతో ఏకి, సన్ననూలు వడకు తల్లుల కడ నొక నెల కూర్చున్న బాలునకు అర్థశాస్త్రమనగా నేమో, నేతగాని కూలి ఏల పెరుగదో తెలియును. బొబ్బిలి చెంత పనసకర్ర వీణగా మారుట చూచిన బాలికకు ధ్వనిశాస్త్రము పుస్తకమునుండి లేచి చెవిలో పలుకును. ఉద్దానమునకు పోవుడు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతముల మూత్రపిండవ్యాధికి కారణ మింకను నిశ్చయముగ తేలలేదు. ఆ యూళ్ళ బావినీటిని పరీక్షించి, డయాలసిస్ కేంద్రమున రోగుల మాటలు విని వచ్చిన పిల్ల బై.పి.సి. కోరినచో, అది పొరుగింటివారిని చూచి కోరినది గాదు. తనవల్ల కాదని తెలిసికొని వేరొకటి కోరినను అదియు లాభమే. ఆ యెరుక లక్షలు ధారపోసిన తరువాత గాక ముందే కలిగినది గదా!

ప్రభుత్వము ఈ సంవత్సరమును ఎప్పుడిచ్చునో కాని, ఈ పఠనమందిరము రేపటినుండియే మొదలిడవచ్చును. పదవతరగతి పరీక్షలైన పిదప వేసవి రెండునెలలు మన చేతిలో నున్నవి. ఊరిలోని నర్సును, నేతగానిని, సర్వేయరును, రైతును, గుమాస్తాను వారమున కొకరిని పిలిచి ఈ బల్లముందు కూర్చుండబెట్టుడు. తమ పనిలో కష్టమేమో, కూలి ఎంతో, తృప్తి ఎక్కడనో పిల్లలకు దాపరికము లేక చెప్పుమనుడు. ఇష్టపడిన పిల్లలను వారివెంట నాలుగు దినములు పంపుడు. బయానా అంతవరకు ఆపుడు. న్యాయవాదవృత్తిని గూర్చి చెప్పుటకు తొలివారము మేమే వచ్చెదము. అందలి చీకటినిగూడ దాచము.