పదార్థం ఒప్పుకునే లెక్క

కృష్ణా జిల్లా గుడివాడలో 1945లో పుట్టిన సత్య ఎన్. అట్లూరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి, 1969లో అమెరికాలోని ఎంఐటీ నుంచి డాక్టరేటు అందుకున్నారు. జార్జియా టెక్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. బరువు పడితే ఒక వస్తువు ఎంత వంగుతుంది, ఎక్కడ పగులుతుంది అన్నది కంప్యూటర్ మీద తేల్చే శాస్త్రం కంప్యుటేషనల్ మెకానిక్స్. ఆ రంగాన్ని నిలబెట్టిన తొలి తరంలో ఆయన ఒకరు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. 2023లో కన్నుమూశారు. ఆయన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఒక్క ప్రశ్ననే పట్టుకుంటుంది: కంప్యూటర్ ఇచ్చిన జవాబును ఎప్పుడు నమ్మాలి?

1988 ఏప్రిల్ 28న హవాయిలోని హిలో నుంచి హొనొలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో కొంత భాగం గాలిలోనే ఊడి ఎగిరిపోయింది. సిబ్బందిలో ఒకామె ప్రాణాలు కోల్పోయారు. మిగతావారితో విమానం మౌయి దీవిలో దిగగలిగింది. ఆ విమానం వయసు 19 ఏళ్లు. అప్పటికి దాదాపు 90 వేల సార్లు ఎగిరి దిగింది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి రేకు సాగింది, దిగాక మళ్లీ సడలింది. రివెట్ల వరుస వెంబడి పుట్టిన సన్నని పగుళ్లు చివరికి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

వయసు మళ్లిన విమానాల మీద ఆ తర్వాత పెద్ద ఎత్తున జరిగిన పరిశోధనలో అట్లూరి బృందం పాలుపంచుకుంది. చిక్కంతా పగుళ్ల సంఖ్యలో ఉంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో వస్తువును చిన్న చిన్న ముక్కలుగా, అంటే మెష్‌గా విడగొడతారు. పగులు కాస్త ముందుకు జరిగినప్పుడల్లా మెష్ మళ్లీ గీయాలి. పదుల కొద్దీ పగుళ్లుంటే ఆ పని తెమలదు. అట్లూరి, ఆయన సహచరులు పెంపొందించిన ఆల్టర్నేటింగ్ పద్ధతి పనిని రెండుగా పంచింది. పగులు లేని రేకును మామూలు మెష్‌తో లెక్కిస్తారు. అంతులేని రేకులో పగులుకు ముందే తెలిసిన గణిత పరిష్కారాన్ని విడిగా తీసుకుంటారు. ఒకదాని శేషాన్ని, అంటే పొసగకుండా మిగిలిన బలాన్ని, రెండోదానికి అందిస్తూ, శేషం తరిగిపోయేదాకా రెండింటినీ మార్చి మార్చి లెక్కిస్తారు. పగులు ఎంత పెరిగినా మెష్ ముట్టుకోనక్కర్లేదు.

ఇక జవాబును నమ్మే సంగతి. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. రాసుకున్న సమీకరణాన్ని సరిగ్గా సాధించామా? అసలు సరైన సమీకరణమే రాసుకున్నామా?

మొదటి ప్రశ్న దగ్గర జారిపోతే ఏమవుతుందో నార్వేకు అనుభవమైంది. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ దగ్గర స్లైప్నర్ ఎ చమురు వేదిక కాంక్రీటు పునాదిని నీటిలోకి దించి పరీక్షిస్తుండగా గోడ చిట్లింది, కట్టడమంతా మునిగి ముక్కలైంది. కీలకమైన గోడల దగ్గర మెష్ మోటుగా ఉండడంతో కోత ప్రతిబలాలు 47 శాతం తక్కువగా లెక్కకు వచ్చాయి. దాన్నిబట్టి ఆ చోట వేసిన ఇనుము చాలలేదు. తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్క 62 మీటర్ల లోతులో గోడ విఫలమవుతుందని చెప్పింది. నిజంగా విఫలమైంది 65 మీటర్ల దగ్గర. శాస్త్రం చేతిలోనే ఉంది, దాన్ని వాడిన తీరులో లోపం జరిగింది.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది, మెటీరియల్ మోడలింగ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక మీటరు పొడవున్న కాంక్రీటు కడ్డీని రెండు కొసలా పట్టి లాగారనుకుందాం. గరిష్ఠ బలం దాటాక కాంక్రీటు మెత్తబడుతుంది, పగులు ఒక్కచోటే తెరుచుకుంటుంది. కడ్డీని 10 ముక్కలు చేస్తే కంప్యూటర్ ఆ పగులును 100 మిల్లీమీటర్ల ముక్కలో చూపిస్తుంది. 100 ముక్కలు చేస్తే 10 మిల్లీమీటర్ల ముక్కలో చూపిస్తుంది. పగలడానికి పట్టిన శక్తి పదోవంతుకు పడిపోతుంది. ముక్కలు ఇంకా చిన్నవైతే ఏ శ్రమా లేకుండా కాంక్రీటు విరిగిపోతుందని తేలుతుంది. మెష్ సన్నబడిన కొద్దీ జవాబు మెరుగుపడాలి కదా, ఇక్కడ చెడిపోయింది. ఎందుకంటే పగులు వెడల్పు ఎంత ఉండాలో సమీకరణంలో ఎవరూ చెప్పలేదు. 1983లో బజాంత్, ఓ అనే పరిశోధకులు చూపిన దారి ఇది: పగులు తెరుచుకోవడానికి కావలసిన శక్తిని ప్రయోగశాలలో కొలిచి, దాన్ని ముక్క పరిమాణానికి ముడిపెట్టాలి. అంటే యంత్రం మీద దిమ్మెను విరిచి చూసినవారి కొలత లేకుండా ఈ లెక్క నడవదు.

లోహాలకూ ఇదే వర్తిస్తుంది. తూటా తగిలిన ఉక్కు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే జాన్సన్-కుక్ నమూనాలో అయిదు స్థిరాంకాలుంటాయి. ఒక పరిశోధనపత్రం నుంచి వాటిని దించుకుంటే రంగుల బొమ్మ ముచ్చటగానే వస్తుంది. కానీ అవి వేరే వేడి శుద్ధి పొందిన ఉక్కువైతే బొమ్మ చెప్పేది మన ఉక్కు సంగతి కాదు.

అందుకే ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థి కోడ్‌తో పాటు పరీక్షా యంత్రం కూడా అందుబాటులో ఉన్న చోటు వెతుక్కోవాలి. అలాంటి చోట్లు దూరంలో లేవు. హైదరాబాద్‌లోని రక్షణ లోహశోధన ప్రయోగశాల, ఐఐటీ హైదరాబాద్, 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన వరంగల్ ఎన్‌ఐటీ మన ముంగిట్లోనే ఉన్నాయి. ఇస్రో తిరువనంతపురం కేంద్రం ఫీస్ట్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసుకుంది. పరిశోధక విద్యార్థికి ఇచ్చే జేఆర్‌ఎఫ్ భృతి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనలేని కాలేజీకి కాల్క్యులిక్స్, కోడ్ ఆస్టర్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇక్కడ చదివినవారు ఈ రంగంలో ఎంత దూరం వెళ్లగలరో చూపే ఉదాహరణా ఉంది: వరంగల్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, తర్వాతి కాలంలో టెక్సాస్ ఎ అండ్ ఎం ఆచార్యుడైన జె.ఎన్. రెడ్డి 1984లో పొరల పలకలకు ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని పరిశోధకులు నేటికీ వాడుతున్నారు.

విశ్వవిద్యాలయాల నుంచి ఈ ఉపన్యాసం కోరేది మూడు పనులు. సంఖ్యాత్మక గణన మీద సమర్పించే ప్రతి సిద్ధాంత గ్రంథంలో మెష్ మార్చి చూసిన ఫలితాలు తప్పనిసరి చేయాలి. వాడిన ప్రతి స్థిరాంకం ఏ పరీక్ష నుంచి వచ్చిందో రాయించాలి. ప్రజాధనంతో జరిగిన పరీక్షల కొలతలను జిల్లా కాలేజీ విద్యార్థికి కూడా అందేలా ఉంచాలి. గైడ్‌ను ఎంచుకునే విద్యార్థి మాత్రం చేరకముందే ఒకటి అడగాలి: ఈ ల్యాబ్‌లో లెక్కను సరిచూసే పరీక్ష ఎక్కడ చేస్తారు, ఆ యంత్రం మీద తనకు సమయం దొరుకుతుందా?