చీటీ చేతికిస్తే చాలదు, చేయి పట్టి నడిపించాలి



హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరు వినని కుటుంబం ఈ సభలో ఉండదు. ఆ పొడి అక్షరాల వెనుక ఉన్న మనిషి మెహదీ నవాజ్ జంగ్. 1960లో గుజరాత్ తొలి గవర్నరైనది ఆయనే. 1955లో ప్రారంభమైన ఆ ఆసుపత్రికి నేటికీ అన్ని మతాల నిరుపేదలూ ఆశతో చేరుకుంటున్నారు. అయితే ఆ గుమ్మానికి మన స్త్రీలు వ్యాధి ఏ దశలో చేరుతున్నారు? నేడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతం మాత్రమే. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. ఇది అన్ని మతాల స్త్రీల లెక్క. దేశమంతటి పరిస్థితే ఇలా ఉంటే పేదరికం, పరదా, భాష అనే మూడు అడ్డుగోడల నడుమ ఉన్న మన బస్తీల స్త్రీల సంగతి వేరే చెప్పాలా?

మా వీధిలోని ఒక తల్లి రొమ్ములో గడ్డ ఉన్న సంగతిని ఎనిమిది నెలలు దాచింది. కూతురి నిఖా నిశ్చయమై ఉంది. తల్లికి క్యాన్సర్ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఆమె భయం. నిఖా సవ్యంగా జరిగింది. రుఖ్సతీ అయిన మరునాడు ఆమె నోరు విప్పింది. అప్పటికి పుండు పడింది. ఏడాది తిరగకుండానే ఆమె జనాజాను మేమే మోశాము. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ తరువాత మా బస్తీలోని పాఠశాలలో ఒక క్యాన్సర్ నిర్ధారణ శిబిరం జరిగింది. నిర్వాహకుల సదుద్దేశాన్ని మేము శంకించము. కానీ లోపల ఉన్న వైద్యుడు పురుషుడు. కిటికీలకు తెరలు లేవు. పేర్లను మైకులో పిలిచారు. పంచిన కరపత్రాలలో ఉర్దూ ముక్క లేదు. మన స్త్రీలు రక్తపోటు చూపించుకొని తిరిగి వచ్చారు. వారికి చైతన్యం లేదని ఒక అధికారి మాతో అన్నారు. లేనిది చైతన్యమా, తెరా అని మేము అడిగాము.

ఇస్లాం వైద్యాన్ని నిషేధించలేదు. వైద్యం చేయించుకోమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. హయా కలిగిన స్త్రీ అడిగేది మర్యాద మాత్రమే. ఆ మర్యాద దక్కినచోట ఆమె తప్పక వస్తుంది.

ఇందుకు ముంబయిలో నిదర్శనం ఉంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో అక్కడి మురికివాడలలో ఒక అధ్యయనం ఆరంభించింది. పదవ తరగతి వరకు చదివిన స్థానిక స్త్రీలకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, వారిచేతనే పలచని ఎసిటిక్ ఆమ్లంతో, అంటే వెనిగర్ వంటి ద్రావణంతో, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయించింది. ఆ పరీక్షలు జరిగిన ప్రాంతాలలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ఫలితాలు వెల్లడించారు. పెద్ద యంత్రాలు లేకుండానే ఇది సాధ్యమైంది. ఇంటింటికీ వెళ్లిన పొరుగింటి ఆడమనిషి మాట, లక్షణాలు కనిపించినవారిని ఆసుపత్రికి చేర్చిన ఏర్పాటు ఆ ప్రాణాలను నిలిపాయి.

ఈ చివరి మాటను గుర్తుంచుకోండి. శిబిరంలో అనుమానం కలిగితే ఒక చీటీ రాసి, పెద్దాసుపత్రికి వెళ్లమంటారు. ఆ చీటీ బీరువాలో ఖురాను గిలాఫు పక్కన నెలల తరబడి పడి ఉండడం మేము కళ్లారా చూశాము. వెంట వెళ్లేవారు లేరు. దినకూలీ పోతుంది. ఏ గదికి వెళ్లాలో తెలియదు.

కాగితాల సంగతి మరొకటి. గుమాస్తాగా జీవితమంతా కాగితాల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాము. ఆధార్‌లో ‘బేగం’, రేషన్ కార్డులో ‘బీ’, ఓటరు గుర్తింపు కార్డులో ఒట్టి పేరు. మన ఇళ్లలో ఒకే స్త్రీకి మూడు పేర్లు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నప్పటికీ పేర్లు కలవకపోతే అనుమతికి చిక్కు వస్తుంది. రోగం వచ్చాక సవరణకు తిరిగే రోజులు గడ్డ పెరిగే రోజులు. కనుక ఆరోగ్యంగా ఉన్నప్పుడే ప్రతి ఇంటా కార్డులను సరిచూడండి. తేడా ఉంటే ఈ వారమే మీ-సేవకో, సచివాలయానికో వెళ్లండి.

ప్రభుత్వాలనూ క్యాన్సర్ కేంద్రాలనూ మేము కోరేవి నాలుగు. పరీక్షించేవారు స్త్రీలై ఉండాలి, గదికి తెర ఉండాలి. ఉర్దూకు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రెండవ అధికార భాష హోదా ఇచ్చారు కనుక కరపత్రం ఉర్దూలోనూ ఉండాలి, దానిని చదివి వినిపించేవారూ ఉండాలి. బీడీలు చుట్టే నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల స్త్రీల వద్దకు వారి పని వేళలు చూసుకొని రావాలి. అనుమానిత రోగి ఆసుపత్రిలో చేరిందో లేదో విచారించే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఇది దయాదానం కాదు, పౌరులుగా మన హక్కు.

హక్కు అడిగే నోటికి బాధ్యత కూడా ఉంది. జుమా ప్రసంగంలో ఇమాములు ఈ మాట చెప్పాలి. బాలికల మదరసాలలో శిబిరానికి ఒక గది ఇవ్వాలి. గుట్కా, జర్దా నములుతున్న కుమారుణ్ణి తండ్రి మందలించాలి, ముందుగా తాను మానాలి. తల్లికి జబ్బు ఉందని పెళ్లి సంబంధం వదులుకునే కుటుంబాన్ని జమాఅత్ పెద్దలు నిలదీయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి మహల్లాలో చదువుకున్న ఇద్దరు స్త్రీలు రోగి వెంట ఆసుపత్రికి వెళ్లేందుకు సిద్ధపడాలి. వారి దారి ఖర్చును మసీదు బైతుల్‌మాల్ నుంచి చెల్లించాలి.

ఆనాటి తల్లి చేతికి చీటీ సైతం అందలేదు. ఆమె మా గుమ్మానికి నాలుగిళ్ల అవతలే ఉండేది. ఆసుపత్రి ఆమెను చేరలేకపోయింది సరే, మేము చేరామా? చేరలేదు. ఆ తప్పు మరో వీధిలో, మరో తల్లి విషయంలో జరగకూడదనే ఈనాడు మీ ముందు నిలిచాము. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.